బొమ్మ కింద పెన్సిలు అంకె



1799 మే 4న శ్రీరంగపట్నం కోట ఇంగ్లీషువాళ్ల వశమైంది. టిప్పు సుల్తాన్ ఆ రోజే కోట గుమ్మం దగ్గర పోరాడుతూ నేలకొరిగాడు. ఆ కబురు ఓడెక్కి లండన్ చేరడానికి నెలలు పట్టింది. చేరాక బొమ్మ తయారవడానికి మాత్రం ఆట్టే కాలం పట్టలేదు. మరుసటి ఏడే రాబర్ట్ కెర్ పోర్టర్ అనే యువ చిత్రకారుడు ముట్టడినంతా 120 అడుగుల పొడవున్న తెర మీద గీసి, లండన్‌లో లైసియం భవనంలో ప్రదర్శనకి పెట్టాడు. అతనికి అప్పటికి పాతికేళ్లు నిండలేదు. ఆ కోటని గాని, ఆ యుద్ధాన్ని గాని కళ్లతో చూసినవాడు కాదు. అయినా జనం విరగబడి చూశారు. ఆ తెర తర్వాత అగ్నికి ఆహుతైపోయింది. దాని ప్రింటు మాత్రం మిగిలింది. జొవాన్నీ వెండ్రామీని అనే ఇటలీ పనివాడు ఆ బొమ్మని మూడు భాగాలుగా రాగి రేకుల మీద చెక్కాడు. 1802, 1803 సంవత్సరాల్లో అవి అచ్చయ్యాయి. ఆ ప్రతులు ఇప్పటికీ వేలంపాటల్లోకి వస్తుంటాయి. కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

పాత యుద్ధాల చిత్రాలకి తీసిన ప్రింట్లని, అందులోనూ ఇన్ని ప్రతులే తీశాం, ఇంక తియ్యం అని చెప్పి అమ్మే పరిమిత ప్రతులని వెతికి కొనుక్కుని దాచుకునేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ల సరదా గురించే ఈవేళ మాట్లాడదామనుకుంటున్నాను.

ఈ కాలపు పరిమిత ప్రతి ఒకటి చేతిలోకి తీసుకుంటే, బొమ్మ కింద తెల్ల అంచు మీద పెన్సిలుతో ఒక అంకె ఉంటుంది. 214, పక్కన ఒక అడ్డగీత, దాని పక్కన 750. అంటే మొత్తం 750 ప్రతులు తీశారని, మీ చేతిలో ఉన్నది 214వదని. పక్కనే చిత్రకారుడి సంతకం. కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్లు ముందుగా చూసేది ఆ అంకెనే. ఎంత చిన్న అంకె అయితే అంత గొప్పని, ఒకటో నంబరు దొరికితే అదృష్టమని అనుకుంటారు. నా మట్టుకు నాకు ఆ అంచు మీద అన్నిటికన్నా తక్కువ సంగతి చెప్పేది ఆ అంకే. మిగతా అంచు చదవడం వస్తే బొమ్మ ఎవరు గీశారు, ఎవరి డబ్బుతో గీశారు, ఎవరికి అమ్మారు, ఏ రేకు ఎన్నాళ్లు అరిగింది, అన్నీ తెలుస్తాయి.

యుద్ధచిత్రాల ప్రింట్ల వ్యాపారం ఒక్కసారిగా ఊపందుకోవడానికి కారణమైన బొమ్మ ఒకటుంది. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన బెంజమిన్ వెస్ట్ 1770లో 'జనరల్ వుల్ఫ్ మరణం' గీశాడు. 1759లో కెనడాలోని క్విబెక్ దగ్గర ఫ్రెంచివాళ్లని ఓడించి, గెలిచిన రోజే చనిపోయిన ఇంగ్లీషు సేనాని ఆ వుల్ఫ్. విలియం వులెట్ దాన్ని రాగి రేకు మీద చెక్కాడు. 1776లో ప్రింటు బయటికొచ్చింది. జాన్ బోయ్‌డెల్ అనే వ్యాపారి ఆ ఒక్క ప్రింటు మీదే పదిహేను వేల పౌన్లు గడించాడని చెబుతారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద డబ్బు. ఆయన తర్వాత లండన్ నగర మేయరు కూడా అయ్యాడు. ఐరోపా అంతటా దానికి నకళ్లు పుట్టాయి.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, బొమ్మలో చనిపోతున్న వుల్ఫ్ చుట్టూ నిలబడ్డ పెద్దమనుషుల్లో చాలామంది ఆ సమయంలో అక్కడ లేరు. ఒకాయన గాయపడి వేరేచోట ఉన్నాడు. ముందు భాగంలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్న అక్కడి ఆదివాసి యోధుడు చిత్రకారుడి ఊహ. అయినా ఆ ప్రింటు ఇంటింటి గోడకీ ఎక్కింది, ఎక్కాక వుల్ఫ్ చనిపోయింది అలాగే అని జనం నమ్మారు. యుద్ధచిత్రానికి ఈ గుణం పుట్టుకతోనే వచ్చింది. ఇప్పటివాళ్లు తుపాకీ బోల్టుల నుంచి చొక్కా బొత్తాల దాకా సరిచూసి గీస్తారు, అది వేరే సంగతి. బొత్తాలు సరిగ్గా ఉన్నంత మాత్రాన మనుషులు సరిగ్గా ఉన్నారని నమ్మకం లేదు.

రాగి రేకు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే 'పరిమితం' అనే ఆలోచన అక్కడే పుట్టింది. ఉలితో గీతలు చెక్కిన రాగి రేకుకి సిరా పూసి, పైపైన తుడిచి, తడిపిన కాగితం వేసి, మరలో నొక్కుతారు. ప్రతిసారీ రేకు కాస్త అరుగుతుంది. మొదటి ప్రతుల్లో నలుపు చిక్కగా, గీత పదునుగా ఉంటుంది. కొన్ని వందలు తీసేసరికి నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది. మెజోటింట్ అనే పద్ధతిలో రేకునంతా గరుకు చేసి, వెలుగు కావలసినచోట గీకి నునుపు చేస్తారు. అది ఇంకా తొందరగా అరిగిపోతుంది. 1820ల్లో ఉక్కు రేకులు వచ్చాక వేలకొద్దీ తీయగలిగారు. అంతకుముందు ఎవరూ అంకె వేయక్కర్లేకుండానే రేకే హద్దు పెట్టేది.

మొదటి ప్రతులు బాగుంటాయని తెలిసిన కొనుగోలుదార్లు వాటికి ఎక్కువ ధర ఇచ్చేవాళ్లు. బొమ్మ చెక్కడం పూర్తయి, కింద పేరు ఇంకా చెక్కకముందే తీసిన ప్రతులని విడిగా అమ్మేవాళ్లు. అక్షరాలు లేని ప్రూఫులని వాటికి పేరు. అక్షరాలు లేవంటే రేకు కొత్తగా ఉన్నప్పుడు తీసినదని అర్థం. అంచు ఖాళీగా ఉండటమే అక్కడ విలువ. వ్యాపారులు ఊరుకుంటారా? ప్రూఫుల పేరుతో కావలసినన్ని తీసి అమ్మడం మొదలెట్టారు. ఈ అవకతవకలు ముదిరిపోయాక 1847లో లండన్‌లో ప్రింటు వ్యాపారులే ఒక సంఘం పెట్టుకున్నారు. ఏ బొమ్మకి ఎన్ని ప్రూఫులు తీస్తున్నామో ముందే నమోదు చేయాలి, ప్రతి ప్రూఫు అంచున సంఘం ముద్ర పడాలి. ఆ ముద్రకి సిరా ఉండదు, కాగితం మీద నొక్కు మాత్రమే. పాత ప్రింటు అంచుని వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే మూడు అక్షరాల చిన్న నొక్కు కనబడుతుంది. ఇవాళ్టి పెన్సిలు అంకెకి తాత అదే. కొనేవాళ్ల అపనమ్మకంలోంచి పుట్టిన ఏర్పాటది, చిత్రకారుల గొప్పతనం చాటడానికి పుట్టింది కాదు.

ఇంకో సంగతి ఇంకా పాతది. 1735లో ఇంగ్లండులో చెక్కుడుబొమ్మల హక్కుల చట్టం వచ్చింది. విలియం హోగార్త్ అనే చిత్రకారుడు తన బొమ్మలకి నకిలీలు వేసి అమ్ముకుంటున్నవాళ్లతో వేగలేక పట్టుబట్టి తెప్పించుకున్న చట్టం అది. పద్నాలుగేళ్ల హక్కు కావాలంటే రేకు మీద యజమాని పేరు, ప్రచురించిన తేదీ చెక్కి తీరాలి. అందువల్ల ఆ కాలపు ఇంగ్లీషు ప్రింటు కింద ఎడమ మూల చిత్రకారుడి పేరు, కుడి మూల చెక్కినవాడి పేరు, అడుగున చిన్న అక్షరాలతో తేదీ, వ్యాపారి పేరు, ఒక్కోసారి ఆయన దుకాణం ఉన్న వీధితో సహా ఉంటాయి. తేదీ ఉంది గదా అని ఆ ప్రతి ఆ రోజే అచ్చయిందనుకోకూడదు. రేకు చేతులు మారుతుంది, కొన్నవాడు మళ్లీ ప్రతులు తీస్తాడు, తేదీ అలాగే ఉంటుంది. కాగితాన్ని దీపానికి అడ్డం పట్టుకుని వాటర్‌మార్క్ చూడాలి. వాట్‌మన్ కంపెనీ కాగితంలో పేరుతో పాటు కాగితం చేసిన సంవత్సరం కూడా ఉండేది. కింద 1802 అని చెక్కి ఉండి, కాగితంలో 1815 అని కనబడిందనుకోండి, ఆ ప్రతి వయసు అమ్మేవాడు చెప్పకపోయినా మీకు తెలిసిపోతుంది.

మళ్లీ మన మైసూరు యుద్ధాలకి వద్దాం. ఈ సేకరణలో తెలుగువాళ్లకి ఆసక్తి కలిగించే భాగం ఇదే అని నా అభిప్రాయం. ఎందుకో తర్వాత చెబుతాను.

టిప్పు మీద ఇంగ్లండులో వెలువడినన్ని ప్రింట్లు ఆ రోజుల్లో మన దేశపు రాజులెవరి మీదా వెలువడి ఉండవు. 1792లో మూడో మైసూరు యుద్ధం ముగిశాక టిప్పు సగం రాజ్యం వదులుకుని, మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకుని, హామీగా ఇద్దరు కొడుకులని గవర్నరు జనరల్ కారన్‌వాలిస్ దగ్గరికి పంపాడు. పెద్దవాడికి పదేళ్లు, చిన్నవాడికి ఎనిమిదేళ్లు. ఆ పిల్లల్ని అప్పగించే దృశ్యం లండన్ చిత్రకారులకి పండగైపోయింది. మాథర్ బ్రౌన్ గీశాడు, హెన్రీ సింగిల్టన్ గీశాడు. వాళ్లెవరూ ఇక్కడికి రాలేదు. కన్నతల్లి కన్నీళ్లు, తండ్రిలా చేతులు చాచిన గవర్నరు జనరల్, జాలిగొలిపే పిల్లలు, అన్నీ లండన్‌లో కూర్చునే అల్లారు. ఆ ప్రింట్ల కింద ఉండే అంకిత వాక్యాలు చదివితే బొమ్మ ఎవరి మెప్పు కోసం తయారైందో అర్థమవుతుంది.

చూసి గీసినవాడు ఒకడున్నాడు, రాబర్ట్ హోమ్. 1791లో మద్రాసులో దిగి కారన్‌వాలిస్ సైన్యం వెంట నడిచాడు. పిల్లల అప్పగింత గీసినప్పుడు ఎడమ పక్కన బొమ్మల అట్ట చేతపట్టుకున్న తనని కూడా గీసుకున్నాడు, నేనక్కడ ఉన్నాను సుమా అన్నట్టు. బెంగళూరు, సావనదుర్గం, శ్రీరంగపట్నం వంటి చోట్ల అతను గీసిన దృశ్యాలతో 1794లో లండన్‌లో ఒక పుస్తకం వచ్చింది. ఇవాళ విడివిడిగా అమ్ముడయ్యే హోమ్ ప్రింట్లు చాలామటుకు అలాంటి పుస్తకాలని విప్పి అమ్మినవే. పుస్తకంగా ఉంచితే ఒక్కడే కొంటాడు, విప్పితే ఇరవైమంది కొంటారు. వ్యాపారానికి లాభమే కాని పుస్తకానికి ఉరి. ప్రింటు ఎడమ అంచున దారం కుట్టిన చిల్లులు కనబడితే అది పుస్తకంలోంచి వచ్చిందని తెలుసుకోవచ్చు.

1799 తర్వాత సింగిల్టన్ మళ్లీ కుంచె పట్టాడు. కోట మీదకి ఎగబాకడం, టిప్పు చివరి పోరు, శవాన్ని కుటుంబం గుర్తుపట్టడం, ఇలా వరసగా గీస్తే స్కియావొనెట్టి, కార్డన్ వంటి పేరున్న పనివాళ్లు చెక్కారు. వీటిని చుక్కల పద్ధతిలో చెక్కారు. గీతలకి బదులు వేలకొద్దీ సన్నటి చుక్కలు, అందువల్ల మొహాలు మెత్తగా, పట్టులాగా ఉంటాయి. రంగుల్లో అచ్చు వేసినవి, చేత్తో రంగులద్దినవి కూడా దొరుకుతాయి. చిత్రమేమిటంటే, థామస్ హికీ అనే ఐరిష్ చిత్రకారుడు సరిగ్గా 1799లో మద్రాసులో ఉన్నాడు. యుద్ధంలో పాల్గొన్న దొరలని, టిప్పు కొడుకులని ఎదురుగా కూర్చోబెట్టి గీశాడు. వాటి ఆధారంగా పెద్ద చిత్రాల వరస చేద్దామనుకున్నాడు. అది జరగలేదు. చూసినవాడి బొమ్మలు అట్టల మధ్యనే ఉండిపోయాయి, చూడనివాళ్ల బొమ్మలు ఇంటింటికీ వెళ్లాయి.

నలభై ఏళ్ల తర్వాత డేవిడ్ విల్కీ గీసినది ఇంకో రకం. డేవిడ్ బేర్డ్ అనే సేనాని దివిటీల వెలుగులో టిప్పు శవాన్ని కనుగొనే దృశ్యం. గీయించింది బేర్డ్ భార్య, ఆయన పోయిన తర్వాత. 1839లో ప్రదర్శించారు, ఆ తర్వాత ప్రింటుగా కూడా వచ్చింది. బేర్డ్ అంతకుముందు అదే శ్రీరంగపట్నంలో మూడున్నర ఏళ్లకి పైగా ఖైదీగా మగ్గినవాడు. బొమ్మలో ఆయన కాళ్ల దగ్గర నేలమాళిగ ఇనుప కటకటాలు కనబడతాయి. గుర్తించినవాళ్లకి కథంతా అందులోనే ఉంది.

బేర్డ్ ఖైదీ అయింది ఎలాగంటారా? ఇక్కడే మన సంబంధం మొదలవుతుంది. 1780లో టిప్పు తండ్రి హైదర్ అలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డప్పుడు కల్నల్ బెయిలీ అనే దొర సైన్యంతో గుంటూరు సర్కారులో ఉన్నాడు. మద్రాసు వైపు రమ్మని కబురొస్తే గుంటూరు నుంచి బయల్దేరాడు. దారిలో కొర్తలయ్యార్ నది వరద అడ్డుకుంది, రోజులు గడిచిపోయాయి. చివరికి సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పు కలిసి ఆ సైన్యాన్ని తుడిచిపెట్టారు. మందుగుండు బళ్లు పేలిపోయాయి. దెబ్బలు తిన్న బెయిలీ చిక్కాడు, ఆయనకి తోడుగా వచ్చి చేరిన పటాలంలో బేర్డ్ కూడా చిక్కాడు. మద్రాసు పటాలాల్లో సిపాయిలుగా తెలుగువాళ్లు ఎందరో ఉండేవాళ్లు. వాళ్ల పేర్లు ఏ ప్రింటు అంచునా లేవు. 1799 యుద్ధంలో నిజాం సైన్యం మీర్ ఆలం వెంట హైదరాబాదు నుంచి వచ్చి ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచింది. టిప్పు నుంచి 1792లోనూ, 1799లోనూ తన వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. దత్తమండలాలన్నాం, వాటిలో చాలా భాగాన్ని ఇప్పుడు రాయలసీమ అంటున్నాం. లండన్ డ్రాయింగు రూముల్లో వేలాడిన ఆ బొమ్మల వెనక మన ఊళ్ల పన్నుల లెక్క ఉంది.

పొల్లిలూరు విజయాన్ని టిప్పు కూడా గీయించుకున్నాడు. శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ బాగ్ అనే వేసవి మహలు పడమటి గోడ మీద ఆ చిత్రం ఇప్పటికీ ఉంది. పల్లకీలో కూర్చున్న బెయిలీ, చుట్టూ చతురస్రంగా నిలిచిన ఎర్రకోటుల సిపాయిలు, మధ్యలో పేలుతున్న మందుగుండు, రెండు పక్కల నుంచి కమ్ముకొస్తున్న మైసూరు గుర్రాలు. కోట పడ్డాక అక్కడ మకాం పెట్టిన ఆర్థర్ వెల్లెస్లీ దాన్ని బాగుచేయించాడు, 1855లో డల్‌హౌసీ హయాంలో మళ్లీ రంగులు వేయించారు. గెలిచినవాళ్లు తమ ఓటమి బొమ్మని ఎందుకు కాపాడారో వాళ్లకే తెలియాలి. కాకపోతే ఆ గోడకి ప్రింటు లేదు. మైసూరులో రాకెట్లు చేసే పనివాళ్లున్నారు, ప్రింట్లు అమ్మే దుకాణం లేదు. అదే దృశ్యాన్ని కాగితాల మీద గీసిన పెద్ద చిత్రం ఒకటి 2022లో లండన్‌లో సోత్‌బీస్ వేలంలో 6,30,000 పౌన్లకి పోయింది. అది ప్రింటు కాదు, చేత్తో గీసినది. ఒక పక్షం చూపు ఒకే గోడ మీద, రెండో పక్షం చూపు వేల కాగితాల మీద ఉంటే లోకానికి ఏది గుర్తుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మనవాళ్లకి యుద్ధం బొమ్మగా కన్నా పాటగా ఎక్కువ అందింది. 1757 నాటి బొబ్బిలి కోట యుద్ధాన్ని, నాకు తెలిసి, అప్పట్లో ఎవరూ ప్రింటు వేయలేదు. కథ చెప్పేవాళ్లు తమ గొంతులో దాన్ని ఊరూరికీ మోసుకెళ్లారు. దానికి అంకె ఉండదు, ప్రతి ఊళ్లోనూ కొత్త ప్రతే.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో ఈ రంగంలో అందరికన్నా పేరు తెచ్చుకున్నది ఒక స్త్రీ, ఎలిజబెత్ థాంప్సన్. పెళ్లయ్యాక లేడీ బట్లర్. 1874లో ఆమె 'రోల్ కాల్' ప్రదర్శించినప్పుడు జనం తొక్కిసలాట పడితే బొమ్మ పక్కన పోలీసుని పెట్టాల్సి వచ్చింది. విక్టోరియా రాణి దాన్ని తీసుకుంది. దాని ప్రింట్లు కూడా అంతే జోరుగా అమ్ముడయ్యాయి. ఆమె 1879లో గీసిన 'సైన్యంలో మిగిలినవాడు' అనదగ్గ చిత్రంలో డాక్టర్ బ్రైడన్ ఒక్కడే, చావబోతున్న గుర్రం మీద జలాలాబాదు కోట వైపు వస్తుంటాడు. 1842లో కాబూలు నుంచి వెనుదిరిగిన సైన్యం అది. నాలుగున్నర వేల మంది సైనికులు, వాళ్లతోపాటు పన్నెండు వేల మంది దాకా నౌకర్లు, ఆడవాళ్లు, పిల్లలు. సైనికుల్లో తెల్లవాళ్లు ఏడు వందల మందే, మిగతావాళ్లంతా మన దేశపు సిపాయిలు. కొందరు బందీలయ్యారు, కొందరు సిపాయిలు తర్వాత ఈడ్చుకుంటూ ఎలాగో వచ్చారు. బొమ్మలో మాత్రం ఒక్క దొరే మిగిలాడు. నాకు ఆ చిత్రం ఇష్టం. మంచి చిత్రం, కాని సగం చరిత్ర.

ఇక ఈ కాలానికి వస్తే, పరిమిత ప్రతుల వ్యాపారానికి రెండు పెద్ద స్థావరాలున్నాయి. ఒకటి అమెరికా అంతర్యుద్ధం. మోర్ట్ కున్‌స్ట్లర్, డాన్ ట్రొయానీ వంటి చిత్రకారుల పేర్లు అక్కడి సేకర్తలందరికీ తెలుసు. 1990లో కెన్ బర్న్స్ తీసిన టీవీ డాక్యుమెంటరీ, 1993లో గెటిస్‌బర్గ్ సినిమా వచ్చాక ఈ ప్రింట్ల గిరాకీ ఆకాశానికి ఎక్కింది. రెండోది రెండో ప్రపంచయుద్ధపు విమానాలు. ఇంగ్లండులో బాత్ నగరానికి చెందిన రాబర్ట్ టేలర్ గీసిన స్పిట్‌ఫైర్ ప్రింటు మీద చిత్రకారుడితో పాటు డగ్లస్ బాడర్, జానీ జాన్సన్ అనే యుద్ధవిమాన వీరులు కూడా సంతకం చేశారు. రెండు కాళ్లూ పోయినా కృత్రిమ కాళ్లతో యుద్ధవిమానం నడిపిన మనిషి ఆ బాడర్. అప్పటి నుంచి యుద్ధంలో ఉన్నవాళ్ల చేత అంచు మీద సంతకాలు పెట్టించడం ఈ వ్యాపారంలో పెద్ద ఆకర్షణ అయింది.

ఆ సంతకాలు విలువైనవే. ఎందుకంటే ఆధునిక ప్రింటు ఆఫ్‌సెట్ మరలో తయారవుతుంది. రాగి రేకులా అరగదు. 750 తీసినా 75,000 తీసినా చివరిది మొదటిదానిలాగే ఉంటుంది. 750 దగ్గర ఆగడం ప్రచురణకర్త ఇచ్చిన మాట, అంతే. పైగా 750తో పాటు చిత్రకారుడి ప్రూఫులని కొన్ని, ప్రచురణకర్త ప్రూఫులని కొన్ని, అంచున పెన్సిలుతో చిన్న బొమ్మ గీసి ఇచ్చేవి కొన్ని, కాన్వాసు మీద అచ్చువేసినవి ఇంకొన్ని, వేరే సైజులో మరికొన్ని. అన్నీ కలిపితే రెండింతలు కావచ్చు. మొత్తం ఎన్ని అని అడగాలి. కాలిఫోర్నియా వంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో ఆ వివరాలు రాసివ్వాలని చట్టమే ఉంది. సంతకాలకి మాత్రం నిజమైన హద్దుంది. బ్రిటన్ గగనయుద్ధంలో పాల్గొన్న పైలట్లలో చివరివాడు, జాన్ హెమింగ్‌వే, 2025 మార్చిలో 105 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఇక ఆ యుద్ధపు సంతకం కొత్తగా పడదు.

1940లో మన దేశం నుంచి కూడా ఇరవైనాలుగు మంది పైలట్లు ఇంగ్లండు వెళ్లారు. మహీందర్ సింగ్ పుజ్జీ తలపాగా తీయకుండానే యుద్ధవిమానం నడిపాడు. ఆయన విమానం బొమ్మ ఇంట్లో పెట్టుకుందామంటే ఎంచుకోవడానికి బాడర్ బొమ్మలున్నన్ని లేవు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇది పెట్టుబడి అని చెప్పి అమ్మేవాళ్ల మాట నమ్మకండి. 1990ల్లో ఎగబడి కొన్న అంతర్యుద్ధపు ప్రింట్లలో చాలావాటికి ఇవాళ వేలంలో విడుదలనాటి ధర కూడా రావడం లేదు. వయసు మళ్లిన సేకర్తలు ఇళ్లు ఖాళీ చేస్తున్నారు, వాళ్ల పిల్లలకి అవి అక్కర్లేదు. మంచి స్థితిలో ఉన్న టిప్పు కాలపు ప్రింట్లకి మాత్రం గిరాకీ తగ్గలేదు. 2022లో ఢిల్లీలో టిప్పు చిత్రాలతోనే ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ప్రదర్శన పెట్టింది.

కొనాలనుకునేవాళ్లు ఒక మంచి భూతద్దం కొనుక్కోండి. పాత చెక్కుడు ప్రింటులో దగ్గర్నుంచి చూస్తే సిరా గీత గాని, చుక్క గాని కాగితం మీద కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గాడి ఉంటుంది. ఫొటో తీసి అచ్చువేసిన నకలైతే నాలుగు రంగుల చుక్కలు పూల గుత్తుల్లా వరసగా కనబడతాయి. కంప్యూటరు ప్రింటరులో తీసినదైతే తుంపరలు చల్లినట్టుంటుంది. పురాతనమని చెప్పి టీ నీళ్లలో ముంచిన కాగితాలూ బజార్లో ఉన్నాయి. నిజంగా పాతబడ్డ కాగితం అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ రంగు మారుతుంది. టీలో మునిగినది అంతటా ఒకేలా ఉంటుంది. విదేశాల నుంచి పాత ప్రింటు తెచ్చుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి, వందేళ్లు దాటిన కళావస్తువుని మళ్లీ దేశం దాటించడానికి 1972 నాటి చట్టం అడ్డొస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలకి పంపుదామంటే కుదరకపోవచ్చు.

మన తీరప్రాంతాల ఉక్కపోతకి కాగితం మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, వెండి పురుగులు తింటాయి. ఎండ పడే గోడకి తగిలిస్తే చేత్తో అద్దిన రంగులు కొన్నేళ్లలో వెలిసిపోతాయి. అన్నిటికన్నా పెద్ద ముప్పు ఫ్రేము కట్టే చోట ఉంది. చాలా దుకాణాల్లో ప్రింటుని జిగురుతో అట్టకి అతికించేస్తారు, లేదా ప్లాస్టిక్ పొరతో లామినేట్ చేసేస్తారు. ఆ తర్వాత దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆమ్లం లేని అట్ట అడగండి, పైన రెండు చోట్ల మాత్రమే పల్చని కాగితపు ముక్కలతో, గోధుమ స్టార్చి జిగురుతో వేలాడదీయమనండి. గాజుకి, ప్రింటుకి మధ్య ఖాళీ ఉండాలి.

మీ ఇంట్లోనో, తాతగారి పెట్టెలోనో పాత యుద్ధచిత్రపు ప్రింటు ఏదైనా ఉంటే, సింహాలూ ఏనుగులూ ఉన్న కంపెనీ కాలపు బొమ్మైనా సరే, ఫ్రేము సరిపోలేదని దాని అంచులు మాత్రం కత్తిరించనివ్వకండి. చిత్రకారుడి పేరు, చెక్కినవాడి పేరు, తేదీ, ఆ పెన్సిలు అంకె, అన్నీ అక్కడే ఉంటాయి. చాలా ప్రింట్లు ఆ అంచు పోగొట్టుకునే సగం ధరకి దిగిపోయాయి.